నాలుగు డాలర్ల నక్షత్రం

నాణేల ప్రదర్శనకి నేను వెళ్ళింది నాణేల మీద ప్రేమతో కాదు. మా అక్కకి చెప్పడానికి ఒక మంచి సాకు దొరుకుతుందేమోనని.

సంగతేమిటంటే, నా దగ్గర ఒక సవరను ఉంది. ముందు ఐదో జార్జి తల, వెనక గుర్రమెక్కి డ్రాగన్‌ని పొడుస్తున్న సెయింట్ జార్జి. మా నాయనమ్మ కాసులపేరులో చివరికి మిగిలిన కాసు అదొక్కటే. తక్కినవి ఒక్కొక్కటీ ఎటు పోయాయో మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు: మా అత్త పెళ్ళికి కొన్ని, పొలంలో బోరు వెయ్యడానికి కొన్ని, ఆఖరి నాలుగూ నా ఇంజనీరింగు ఫీజులకి. ఈ ఒక్కటీ ఎందుకు మిగిలిందో ఆవిడకే తెలియాలి. నేను అమెరికా ప్రయాణమైనప్పుడు కుంకుమ భరిణలోంచి తీసి, చీర చెంగుతో తుడిచి, నా చేతిలో పెట్టింది. "అక్కడ చెల్లుతుందో లేదో కనుక్కో," అంది. నవ్వుతూనే అందనుకుంటా. చెప్పలేను, ఆవిడ హాస్యం ఎప్పుడూ ఒక పట్టాన అర్థమయ్యేది కాదు.

పదకొండేళ్ళుగా అది న్యూజెర్సీలో మా పాస్‌పోర్టుల సంచిలో ఉంటోంది. మొన్న వేసవిలో అక్క ఫోన్ చేసి, మేనకోడలి ఓణీల ఫంక్షన్ డిసెంబరులో పెట్టుకున్నామని చెప్పి, "ఒరే, నాయనమ్మ కాసు నీ దగ్గరే ఉందిగా. నువ్వు ఎటూ దాన్ని వాడుకోవు. అది కరిగించి, కాస్త నేను వేసి, పిల్లకి బుట్టలు చేయిద్దాం," అంది. కాదనడానికి నాకు కారణమేమీ లేదు. నిజంగానే నేను వాడుకోను. నా ఫీజులకి నాలుగు కాసులు తిన్నవాణ్ణి ఐదోదాని మీద హక్కు గురించి మాట్లాడటం ఏం బావుంటుంది? అయినా నోటమ్మట 'సరే' రాలేదు. "అది అరుదైనదేమో కనుక్కుంటానుండు," అన్నాను. అబద్ధం కాదు గానీ, నిజమూ కాదు.

అలా ఒక శనివారం, గంటన్నర కారు నడిపి, పెన్సిల్వేనియాలో ఒక హోటల్ హాల్లో జరిగే నాణేల ప్రదర్శనకి వెళ్ళాను. బల్లల వెనక కూచున్నవాళ్ళలో ఎక్కువమంది డెబ్భై దాటినవాళ్ళు. ఒకాయన నా సవరనుని చేతిలోకి తీసుకుని, భూతద్దంలో చూసి, "1918, బొంబాయి టంకశాల," అన్నాడు. సెయింట్ జార్జి కింద, తేదీకి కాస్త పైన, నేల గీత మీద చిన్న 'ఐ' అక్షరం ఉంది. ఇండియా అని దాని అర్థం. పదకొండేళ్ళలో నేనెప్పుడూ అది చూడలేదు. నా గుండె కొంచెం వేగంగా కొట్టుకుంది. ఆయన నాణేన్ని అంచు వైపుకి తిప్పాడు. దండలో గుచ్చడానికి మా ఊరి కంసాలి అతికిన రింగు అక్కడ ఉంది. ఆయన మొహంలో ఉత్సాహం చప్పున చల్లారింది. "నగలోంచి వచ్చింది. ఇక ఇది నాణెం కాదు, బంగారం ముక్క. బరువుకి తగ్గ ధర ఇస్తాను."

మన భాషలో అచ్చువేసే చోటు టంకశాల, అతుకు వేసేది టంకం. టంకశాలలో పుట్టినదాన్ని టంకం చంపేసిందన్నమాట.

నేను మొహం వేలాడేసుకోవడం చూసి జాలిపడ్డాడో, లేక కబుర్ల మనిషో, "నీకొకటి చూపిస్తానుండు," అని అద్దాల పెట్టెలోంచి ప్లాస్టిక్ కేసులో బిగించిన ఒక బంగారు నాణేన్ని బయటికి తీశాడు. మన సవరను సైజే. ఒకవైపు జుట్టు విరబోసుకున్న స్త్రీ తల, 1879 అన్న తేదీ. రెండోవైపు పెద్ద అయిదు కోణాల నక్షత్రం, దాని కడుపులో 'ఒన్ స్టెల్లా, 400 సెంట్స్' అని లోపలికి చెక్కిన అక్షరాలు. "ఇది కూడా నగలోంచి వచ్చిందే. ఇదిగో, ఇక్కడ రింగు పీకేసి అరగదీశారు," అంటూ అంచు మీద ఒక చోట చూపించాడు. ధర చీటీ మీద సున్నాలు లెక్కపెట్టాను. మా ఇంటి డౌన్‌పేమెంట్ కన్నా ఎక్కువ. అదే గాయం, అదే సైజు. ఒకటి బంగారం ముక్క, ఇంకొకటి ఇల్లు.

ఆ రోజు నుంచీ రెండు నెలల పాటు ఆఫీసు పని తర్వాత నేను చదివిందంతా ఈ స్టెల్లా గురించే.

నాలుగు డాలర్ల నాణెం అమెరికాలో ఎప్పుడూ చలామణీలోకి రాలేదు. స్టెల్లా నమూనా నాణెం. అంటే, ఇలాంటిది తెస్తే ఎలా ఉంటుందో చూపించడానికి కొన్ని మాత్రం కొట్టి, చూసి, వద్దనుకున్నది. ఫిలడెల్ఫియా టంకశాలలో 1879, 1880 తేదీలతో కొట్టారు. దీనికి మూలపురుషుడు జాన్ కాసన్ అనే అయోవా రాజకీయ నాయకుడు. అప్పట్లో ఆయన ఆస్ట్రియా-హంగరీలో అమెరికా రాయబారి. వియన్నాలో ఉంటూ ఆయన ఒక సంగతి గమనించాడు. ఫ్రాన్స్, బెల్జియం, ఇటలీ, స్విట్జర్లాండ్ 1865లో ఒక ఒప్పందం చేసుకుని ఒకే బరువు, ఒకే మేలిమి ఉన్న నాణేలు కొడుతున్నాయి. తర్వాత గ్రీసు కూడా చేరింది. ఆస్ట్రియా ఆ కూటమిలో చేరకపోయినా, 1870 నుంచి తన 8 ఫ్లోరిన్ల బంగారు నాణేన్ని అచ్చంగా 20 ఫ్రాంకుల బరువుతోనే కొట్టి, దాని మీద '8 ఫ్లోరిన్లు', '20 ఫ్రాంకులు' అని రెండు పేర్లూ వేసింది. పారిస్‌లో బయల్దేరినవాడు వియన్నా దాకా ఒకే నాణెంతో పోవచ్చు. న్యూయార్క్ నుంచి వచ్చినవాడికే ఊరూరా మారకం, ఊరూరా కోత. అమెరికా కూడా వాటికి దగ్గరగా ఒక నాలుగు డాలర్ల నాణెం కొడితే సరిపోతుంది కదా అని కాసన్ ప్రతిపాదన పంపాడు.

వాషింగ్టన్‌లో దాన్ని అందిపుచ్చుకున్నవాడు ప్రతినిధుల సభలో నాణేల, తూనికల, కొలతల కమిటీ అధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్. పద్నాలుగేళ్ళ ముందు ఇదే మనిషి ఇదే దేశం నుంచి విడిపోయిన దక్షిణాది కూటమికి ఉపాధ్యక్షుడు! దేశాన్ని రెండు చేద్దామన్నవాడు ప్రపంచానికి ఒకే నాణెం కావాలన్నాడు. చరిత్రలో ఇలాంటివి చూస్తే నవ్వాలో, నిట్టూర్చాలో తెలీదు. ఆయన ఆర్థికమంత్రి జాన్ షెర్మన్‌కి ఉత్తరం రాసి నమూనాలు కొట్టించాడు. పది డాలర్ల నాణేన్ని 'ఈగిల్' అంటారు కదా, డేగ లాగే నక్షత్రమూ జాతీయ చిహ్నమే కదా, అని దీనికి లాటిన్‌లో నక్షత్రమనే పేరు పెట్టారు.

ఇక నాణెం మీద రాతల సంగతి. నేను పుస్తకాల మీద అడపాదడపా నాలుగు మాటలు రాసేవాణ్ణి. ఒక పేజీలో అనవసరమైన మాట ఏదో వెతకడం నాకు అలవాటు. స్టెల్లా మీద అన్నీ అనవసరమైన మాటలే అనిపించింది మొదట. స్త్రీ తల చుట్టూ మామూలుగా 'లిబర్టీ' అనో పదమూడు నక్షత్రాలో ఉండాల్సిన చోట, నక్షత్రాల మధ్య ఇరికించి ఇలా ఉంటుంది: 6 జి, .3 ఎస్, .7 సి, 7 గ్రామ్స్. ఆరు గ్రాముల బంగారం, 0.3 వెండి, 0.7 రాగి, మొత్తం ఏడు గ్రాములు. మందు సీసా మీద చీటీ లాగా. స్వేచ్ఛాదేవత ముక్కు ముందు దశాంశ బిందువులు! వెనక వైపు నక్షత్రం చుట్టూ రెండు లాటిన్ వాక్యాలు, దేశం పేరు, మళ్ళీ 'ఫోర్ డాల్.' అని విలువ. 22 మిల్లీమీటర్ల గుండ్రంలో ఇంత వచనం.

ఈ గ్రాముల పిచ్చి ఎవరిదంటే, విలియం వీలర్ హబెల్ అనే ఆవిష్కర్తది. 'గోలాయిడ్' అనే బంగారం-వెండి మిశ్రమానికి ఆయన పేటెంట్ తీసుకున్నాడు. ఆ రోజుల్లో అమెరికాలో పెద్ద తగువు వెండి గురించే. పశ్చిమాన గనుల్లోంచి వెండి పొర్లుకొస్తోంది. మార్కెట్లో దాని ధర పడిపోతోంది. గనులవాళ్ళు, అప్పుల్లో ఉన్న రైతులు వెండి డాలర్లు కొట్టాలంటున్నారు. బ్యాంకులవాళ్ళు బంగారమే అంటున్నారు. 1878లో వెండి డాలరుని తిరిగి తెస్తూ ఒక చట్టం కూడా అయింది. హబెల్ పరిష్కారం: రెండూ కలిపి ఒకే ముద్ద చేసేద్దాం. తగువు తీర్చమంటే, తగువుపడ్డ ఇద్దర్నీ ఒకే మూసలో పోసి కరిగించాడు. ఆ గోలాయిడ్ డాలరు నమూనా మీద కూడా ఇలాగే భాగాలన్నీ చెక్కి ఉంటాయి. దాంతో వచ్చిన చిక్కల్లా, చూడ్డానికి అది ఉత్త వెండి నాణెంలాగే ఉంటుంది. లోపల బంగారం ఉందో లేదో కరిగిస్తే గాని తెలీదు. దొంగ నాణేలవాళ్ళకి అంతకంటే ఏం కావాలి?

స్టెల్లాలో ఆ 0.3 వెండి నన్ను చాలాకాలం వేధించింది. ఆరు గ్రాముల బంగారంలో చిటికెడు వెండి దేనికి? ఒక రాత్రి కూచుని లెక్క వేశాను. అప్పటి చట్టం ప్రకారం బంగారు డాలరంటే 25.8 గ్రెయిన్లు, పదింట తొమ్మిది వంతులు మేలిమి. గ్రాముల్లో చెప్పాలంటే 1.5046 గ్రాముల స్వచ్ఛమైన బంగారం. స్టెల్లాలో ఉన్న 6 గ్రాములని దాంతో భాగిస్తే 3.9877 డాలర్లు. నాలుగుకి ఒకటింబావు సెంటు తక్కువ. వెండి డాలరంటే 371.25 గ్రెయిన్ల స్వచ్ఛమైన వెండి, అంటే 24.0566 గ్రాములు. 0.3 గ్రాముల వెండి విలువ 0.0125 డాలర్లు. అంటే ఒకటింబావు సెంటు! రెండూ కూడితే 4.0002.

నా వృత్తిలో రోజూ చేసే పని డబ్బు లెక్కల్లో గుండ్రం చేసేటప్పుడు రాలిపడే పైసలు ఎక్కడ పోతున్నాయో వెతకడం. అందుకేనేమో, ఆ అంకె తెర మీద కనబడగానే లేచి గదిలో రెండుసార్లు పచార్లు చేశాను. ఇది కాకతాళీయమని నేను నమ్మలేను. ఎవరో కూచుని, గ్రాములు గుండ్రంగా ఉండాలి, మొత్తం గుండ్రంగా ఉండాలి, విలువ సరిగ్గా నాలుగు రావాలి అని మూడు షరతులు పెట్టుకుని, ఆ ఒకటింబావు సెంటు లోటుని వెండితో పూడ్చారు. ఎంత ముచ్చటైన పని!

ఎంత పనికిమాలిన పని కూడా. ఆ సర్దుబాటు వాషింగ్టన్ చట్టపుస్తకంలోనే నిజం. మార్కెట్లో వెండి అప్పటికే ఆ ధర పలకడం లేదు. వియన్నాలో షరాబు ఆ వెండి పిసరుకి పైసా విలువ కట్టడు. అసలు సంగతి ఇంకా ఘోరం. 20 ఫ్రాంకుల నాణెంలో ఉన్న బంగారం 5.8065 గ్రాములు. డాలర్లలో 3.86. కాసన్ నాణెం నాలుగు. మధ్యలో 14 సెంట్లు. అంటే స్టెల్లా పట్టుకుని పారిస్‌లో కాఫీకి వెళ్ళినవాడికి అది 20 ఫ్రాంకులు కాదు, 20 ఫ్రాంకుల 70 సెంటీమ్‌ల పైచిలుకు. ఆ పైచిలుకు వదులుకోవాలి, లేదా వెయిటర్‌తో వాదించాలి. వాదించడానికి కావలసిన అంకెలు మాత్రం నాణెం మీదే చెక్కి ఉన్నాయి.

మరి సరిగ్గా 3.86 డాలర్లకే కొట్టొచ్చుగా? అప్పుడు అది అమెరికాలో చెల్లదు. పచారీ కొట్లో 3 డాలర్ల 86 సెంట్ల నాణెం ఎవడిక్కావాలి? రెండో దారి, డాలరునే కాస్త తగ్గించడం. ఆ ప్రయత్నమూ అంతకుముందే జరిగింది. 1867లో పారిస్‌లో పెద్ద సమావేశం పెట్టి, 25 ఫ్రాంకులు, 5 డాలర్లు, ఒక పౌండు సమానమయ్యేలా చేద్దామనుకున్నారు. కాగితం మీద చూస్తే అవి భలే దగ్గరగా ఉంటాయి. పౌండు ఒక శాతం కన్నా తక్కువ దిగితే చాలు, డాలరు మూడున్నర శాతం దిగాలి. ఆ దిగడానికి బిల్లు పెట్టిన సెనేటరు ఎవరనుకున్నారు? పన్నెండేళ్ళ తర్వాత స్టెల్లా ఉత్తరం అందుకున్న ఆ జాన్ షెర్మనే. 5 డాలర్లు, 25 ఫ్రాంకులు అని రెండూ వేసి 1868లో నమూనాలు కూడా కొట్టారు. కానీ మూడున్నర శాతం అంటే మాటలా? అంతర్యుద్ధం తాలూకు అప్పులు కొండలా ఉన్నాయి. బాండ్లు కొన్నవాళ్ళకి తేలికైన డాలర్లతో తిరిగి చెల్లిస్తే దాన్నేమంటారు? బ్రిటన్ ఒక సంఘాన్ని వేసి, చర్చించి, వద్దంది. తర్వాత ఫ్రాన్స్, ప్రష్యా యుద్ధానికి దిగాయి. గెలిచిన జర్మనీ తన మార్కు తాను కొట్టుకుంది. దాంతో ఆ కథ అయిపోయింది. 1874లో డానా బిక్‌ఫర్డ్ అనే అల్లిక యంత్రాల వ్యాపారి ప్రోద్బలంతో ఒక పది డాలర్ల నమూనా కొట్టారు. దాని మీద డాలర్లు, పౌండ్లు, మార్కులు, క్రోనులు, గుల్డెన్లు, ఫ్రాంకులు, ఆరు దేశాల లెక్కల్లో దాని విలువ చెక్కి ఉంటుంది. మార్పిడి పట్టికని నాణెం మీదే అచ్చేశారన్నమాట. ఏ ఒక్క దేశం తన లెక్క మార్చుకున్నా ఆ నాణెం అబద్ధమైపోతుంది.

వీటన్నిటిలోనూ నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది కాసన్ జీవితంలో ఇంకో ముక్క. లింకన్ ప్రభుత్వంలో తపాలా శాఖలో పెద్ద హోదాలో ఉన్న ఈయన 1863లో పారిస్‌లో జరిగిన తొలి అంతర్జాతీయ తపాలా సమావేశానికి అమెరికా ప్రతినిధిగా వెళ్ళాడు. అప్పట్లో ఒక దేశం నుంచి ఇంకో దేశానికి ఉత్తరం వెయ్యాలంటే దారి పొడుగునా ఎవరి రేటు వారిది. ఆ సమావేశంతో మొదలైన ఆలోచన 1874లో బెర్న్‌లో తపాలా కూటమిగా స్థిరపడింది. ఇవాళ్టికీ నడుస్తోంది. మెట్రిక్ కొలతలని అమెరికాలో చట్టబద్ధం చేసిన 1866 నాటి చట్టం వెనకా ఈయనే ఉన్నాడు. ఉత్తరాల విషయంలో గెలిచి, కొలతల విషయంలో సగం గెలిచి (చట్టం ఉంది, వాడేవాడు లేడు, నేనిక్కడ ఇవాళ్టికీ పాలు గ్యాలన్లలో కొంటున్నాను), నాణెం విషయంలో పూర్తిగా ఓడిపోయిన మనిషి. నాకు తోచిన కారణం ఇది: ఉత్తరాల ఒప్పందంలో ఎవరి కవరు వాళ్ళది, ఎవరి బిళ్ళ వాళ్ళది. ఒకరిది ఇంకొకరు మోస్తే చాలు. నాణెం దగ్గరకొచ్చేసరికి ఎవరో ఒకరు తన జేబులోంచి మూడున్నర శాతం తీసి బల్ల మీద పెట్టాలి. ఆఫీసులో నేనూ ఒకసారి మూడు శాఖల లెక్కల పద్ధతుల్ని ఒకటి చేద్దామని ఏడాదిన్నర పనిచేశాను. అందరూ బావుందన్నారు. తమది మార్చుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. మా నమూనా ఇంకా ఒక సర్వర్లో అలా పడి ఉంది.

అసలు మా ఇంట్లోనే ఏకాభిప్రాయం లేదు. నాకు బంగారమంటే కాసుల్లో లెక్క, కాసంటే 8 గ్రాములు. మా ఆవిడది కరీంనగర్, ఆవిడకి తులాలు. నాయనమ్మ సవరనుని చూసి "ఇంతాజేసి తులం గూడ లేదు," అంటుంది. ఇక్కడ కొట్లో ఔన్సులు.

బొమ్మ గురించి కూడా చెప్పాలి. స్టెల్లాలో రెండు రకాలున్నాయి. విరబోసుకున్న జుట్టుది చార్లెస్ బార్బర్ పేరున ఉంది, ముడి వేసుకున్నది జార్జ్ మోర్గన్ చేసింది. అదే ఏడాది టంకశాల ప్రధాన శిల్పి విలియం బార్బర్ చనిపోయాడు. మరుసటేడు ఆ పదవి ఆయన కొడుకు చార్లెస్‌కి దక్కింది. ఇంగ్లండ్ నుంచి పనికట్టుకుని పిలిపించుకున్న మోర్గన్ కిందే ఉండిపోయాడు. నా మటుకు నాకు మోర్గన్ బొమ్మే ఇష్టం. జడని చుట్టి నెత్తిన పెట్టిన ఆ తలకి ఒక బరువుంది, మెడలో నిలకడ ఉంది. బార్బర్ అమ్మాయి గాలికి నిలబడ్డట్టుంటుంది గానీ ఆ గాలి ఎటు నుంచి వస్తోందో బార్బర్‌కి తెలిసినట్టు లేదు. మార్కెట్టు కూడా మోర్గన్ పక్షమే, కాకపోతే అందం వల్ల కాదు, అవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని ఉండటం వల్ల. 1880 నాటి ముడిజుట్టు స్టెల్లా ఒకటి 2013లో వేలంలో 25 లక్షల డాలర్లు దాటింది. బార్బర్‌ది 1879 తేదీతో నాలుగు వందల పైచిలుకు కొట్టారు.

నమూనాకి నాలుగు వందలు దేనికి? కాంగ్రెస్ సభ్యులకి. మొదట కొట్టిన కొద్ది నాణేలూ చేతులు మారాక, మాక్కావాలంటే మాక్కావాలని గొడవచేసి, కొట్టించుకున్నారు. బిల్లుని మాత్రం ముందుకి కదపలేదు. నాణెం వద్దు, నాణేలు కావాలి! వాటిలో కొన్ని వాషింగ్టన్ వేశ్యాగృహాల యజమానురాళ్ళ మెడల్లో లాకెట్లుగా తేలాయని ఒక కథ ఈ నాణేల పుస్తకాల్లో తరచుగా కనబడుతుంది. కథ మరీ వాటంగా ఉంది, అందుకే నాకు దాని మీద అనుమానం. ఒక బంగారు నాణెం ఆడవాళ్ళ మెడలో కనబడితే, దానికి ఒక అపవాదు అంటగడితే గాని తృప్తి ఉండదు కొందరికి. భార్యలకో కూతుళ్ళకో ఇచ్చి ఉండకూడదా? తేలిందల్లా, చాలా స్టెల్లాల మీద రింగు మచ్చలున్నాయి. ప్రపంచమంతా చెల్లాలని పుట్టిన నాణెం దాకా వచ్చింది ఎవరి మెడ దాకానో తప్ప ఏ సరిహద్దు దాకానూ కాదు.

ఏ సమావేశమూ పెట్టకుండా, ఎవరినీ అడగకుండా, నిజంగానే ఊరూరా చెల్లిన నాణెం ఒకటుంది. మా పాస్‌పోర్టుల సంచిలో ఉన్నది అదే. 7.988 గ్రాములు, 22 కేరట్లు. దాని మీద విలువ అంకెల్లో కూడా ఉండదు. అలెగ్జాండ్రియాలో షరాబుకీ, బొంబాయిలో సేటుకీ, తణుకు దగ్గర మా ఊరి కంసాలికీ అదేమిటో చెప్పక్కర్లేదు. 1899లో చట్టం చేసి ఇండియాలో దాని విలువ 15 రూపాయలని ఖాయం చేశారు. 1918లో, ఆ ఒక్క ఏడాదే, బొంబాయిలో సవరన్లు కొట్టారు, దాదాపు 13 లక్షలు. పక్కనే 15 రూపాయల మొహర్లు కూడా. కాసన్ కలగన్నది ఇదే. కాకపోతే ఇది నడిచింది ఒప్పందాల మీద కాదు, ఓడల మీద, ఫిరంగుల మీద. మా నాయనమ్మ అత్తగారు ఆ కాసులు కొన్నప్పుడు రాజుగారి బొమ్మ మీద భక్తితో కొనలేదు. రాజు ఎవరైనా బరువు తగ్గదని కొంది. కొన్నాక మొదట చేసిన పని దానికి రింగు వేయించడం.

ఆ ఆదివారం అక్కకి ఫోన్ చేశాను. అరుదైనదీ ఏమీ కాదని, బంగారం ధరే వస్తుందని, రింగు అతికించడం వల్ల నాణెంగా పనికిరాదన్నారని చెప్పాను. సాకు ఏదీ దొరకలేదని చెప్పలేదు గానీ, ఆవిడకి అర్థమయ్యే ఉంటుంది. కాసేపు అవతల నుంచి మిక్సీ చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

"రింగు ఊడలేదా ఇంకా?"

"లేదు, గట్టిగానే ఉంది."

"నేనది ఊడిపోయిందనుకున్నానురా. రింగుంటే కరిగించడం దేనికి, పిల్ల గొలుసుకి అలాగే తగిలిద్దాం. బుట్టల సంగతి తర్వాత చూద్దాం. ఎంత తూగుతుంది?"

వంటింట్లో కాఫీ పొడి తూచుకునే కాటా ఉంది. దాని మీద పెట్టాను. "రింగుతో కలిపి 8 గ్రాముల 3."

"అంటే కాసు పైనే," అంది అక్క.

పక్క గదిలోంచి మా ఆవిడ, "తులం లేదు," అంది.